తొంభై ఒకటి

రోలర్ క్యాబిన్‌లో ఒక తెర.
బిరంచి డ్రమ్ము నడిపిన చోటల్లా
నేలకు రంగు వేస్తూ పోతుంది:
గట్టిదానికి పచ్చ, మెత్తదానికి ఎరుపు,
ఎటూ తేలనిదానికి పసుపు.
డ్రమ్ము లోపల ఒక చెవి ఉందట,
కొడితే నేల తిరిగి ఎంత గట్టిగా కొట్టిందో వింటుందట.

కొల్లూరు దాటాక కొత్త రోడ్డు,
మూడో పొర మొరం.
ఆరుసార్లు పోయి వచ్చింది రోలర్.
తెరంతా వరిమడి.
నాలుగు కిలోమీటర్ల మూడు వందల ఇరవై దగ్గర మాత్రం
చాపంత వెడల్పున
మానని ఎర్ర మచ్చ.

"సెన్సర్ తిక్క మేడం," అన్నారు వాచస్పతి గారు.
"రేపో మాపో వాన. తొంభై ఏడు రాసెయ్యండి."

నేను పళ్ళెం దించాను.
పది కిలోల బరువు దాని మీద పడింది,
మూడుసార్లు సర్దుకోడానికి, మూడుసార్లు లెక్కకు.
పక్క నేల కుంగినదానికి మూడింతలు కుంగింది.
"యంత్రాలన్నీ ఒక్క జట్టు," అన్నారాయన.

అప్పుడు సాయమ్మను పిలిచాను.
ల్యాబ్‌లో ఇరవై రెండేళ్ళు, చదువు ఐదు.
మోకాళ్ళ మీద కూర్చుని
ఉలితో గుండ్రంగా తవ్వింది,
రవ్వ మట్టి జారనీయకుండా
సంచిలో ముడుపులా కట్టింది.
ఆ గుంతలోకి జల్లెడ పట్టిన ఇసుక వదిలింది.
ఖాళీని కొలవాలంటే ఖాళీని నింపాలి.
కాలేజీలో నాకెవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

సీసాలో మట్టి, కార్బైడ్ పొడి వేసి ఊపితే
ముల్లు లేచింది: తడి పద్దెనిమిది.
ఈ మొరానికి చాలేది పదకొండు.
మా ట్యాంకరు పోసిన నీళ్ళు కావివి.

"కింద కాల్వుంది బిడ్డా. కుమ్మరికుంటకు పోయేది.
మా అత్త గా నీళ్ళల్లనే బియ్యం కడిగేది.
పొద్దుగాల్నే నా మడిమెకు ఎరుకైంది."
కాసేపాగి తనే అంది,
"నా మడిమె మాట కాయితం మీద ఎక్కదు గద.
నువ్వు రాయి."

రాశాను. తొంభై ఒకటి.
వాచస్పతి గారు కాగితం చూడలేదు,
మబ్బు చూశారు,
తర్వాత జేసీబీకి ఫోన్ చేశారు.

మీటరున్నర లోతున నల్ల బురద,
నత్తగుల్లలు, ఒక సత్తుగిన్నె మూత.
సాయమ్మ దాన్ని తిప్పి చూసి పక్కన పెట్టింది.
నేనేమీ అడగలేదు.

కాలువకు గొట్టం వేశాం, రాళ్ళు నింపాం,
మళ్ళీ మొరం, పొర మీద పొర.
మధ్యలో రెండు రోజులు వాన తినేసింది.
ఏడో రోజు తెర పచ్చబడింది,
ఇసుక కూడా ఒప్పుకుంది, తొంభై ఏడు పాయింట్ నాలుగు.
బిరంచి ఊరికే హారన్ కొట్టాడు.

ఇప్పుడు గచ్చిబౌలి కార్లు ఎనభైలో పోతాయి,
కప్పులో చాయ్ తొణకదు.
నేనెప్పుడు ఆ దారిన వచ్చినా
మూడు వందల ఇరవై దగ్గర స్కూటీ ఆపి
గొట్టం నోట్లోకి తొంగి చూస్తా.
నీళ్ళు పారుతుంటాయి, కొంచెం తెల్లగా.
పైన అపార్ట్‌మెంట్లు కడుతున్నారు,
సిమెంటు కడుగు కావచ్చు.