ఇద్దరిలో ఒకడు

తొడ ఎముకలో చిన్న కిటికీ అంత ముక్క కోస్తాం.
మట్టి దులిపి, కడిగి, ఆరబెట్టి
కాఫీ గింజలు మర పట్టినట్టు పొడి చేస్తాం.
నిజంగా ఆ చప్పుడే.
మా బోస్నియాలో కాఫీ మర లేని ఇల్లుండదు.
మా ఇంట్లో మాత్రం అది అటకెక్కి ఆరేళ్లయింది.

ఆ పొడిలో ఇంకా ఎవరో ఉంటారు.
పదహారు చోట్ల, చోటుకి రెండేసి అంకెలు,
ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది.
మనిషంటే ఇంతేనా అని అడక్కండి.
మట్టి తినగా మిగిలిన చిట్టా ఇది.

హైరియా రక్తం మా దగ్గర పదకొండేళ్లుగా ఉంది,
కార్డు మీద నాలుగు చుక్కలు, ఎండి గోధుమరంగుకి తిరిగి.
వేలికి సూది గుచ్చినప్పుడు అడిగిందట:
"నాలుగు చాలా? నాకు ఇద్దరు కొడుకులు."

ఒక మంగళవారం మధ్యాహ్నం ఆ చుక్కలు
ఒక ఎముకని గుర్తుపట్టాయి.
ల్యాబు మనిషి ఇళ్లకు వెళ్లక్కర్లేదు.
వెళ్లాను, మునీబా వెనకే, కొండ మీది ఊరికి.

"ఎవరు?" అంది తలుపు తీస్తూనే.
"సెనాహిదా? మెవ్లుదినా?"

పదకొండు నెలల తేడా ఇద్దరికీ.
పందొమ్మిదికీ ఇరవైకీ మధ్య
ఎముక వయసు చెప్పదు.
ఇద్దరూ ఆమె అంకెలే మోస్తారు, ఇద్దరూ వాళ్ల నాన్నవే.
దువ్వెనలో ఒక వెంట్రుకో, దాచిన పాలపన్నో ఉంటే తేలేది.
ఇల్లు కాలిపోయింది. దువ్వెనా పోయింది.

దిక్కులేని శవాన్ని చూసి లోకం
ఏ తల్లి కన్న బిడ్డో అంటుంది.
మేం ఆ తల్లిని చెప్పగలం.
ఏ బిడ్డో చెప్పలేం.

ఆమె ఏడవలేదు. నవ్వు లాంటిది నవ్వింది.
"చిన్నప్పుడూ ఇంతే,
ఒకణ్ణి పిలిస్తే ఇంకొకడు పలికేవాడు.
ముందొచ్చినవాడికి రొట్టె అంచు."
అంతలోనే గుర్తొచ్చి లేచి నిలబడింది.
పెద్దవాడు తొమ్మిదో ఏట చెట్టు మీంచి పడ్డాడు,
ఎడమ చెయ్యి విరిగింది, కట్టు కట్టినవాడు వంకరగా కట్టాడు.
"చెయ్యి చూడండి, ఎడమ చెయ్యి!"

ఎడమ చెయ్యి లేదు.
ఒక గోతిలోంచి ఇంకో గోతికి
రాత్రిపూట బుల్డోజరుతో తరలించారు వాళ్లని.
ఒకే మనిషి మూడు కొండల మీద
దొరుకుతుంటాడు మాకు, కొంచెం కొంచెంగా.

రాయి మీద ఇంటిపేరే చెక్కించింది.
దాని పైన ఒక పేరు పట్టేంత చోటు వదిలింది.
ఒక శుక్రవారం పెద్దవాడితో మాట్లాడేది,
మరుసటి శుక్రవారం చిన్నవాడితో,
ఎవడూ అలగకుండా.

నాలుగేళ్లు.

ఇవాళ పొద్దున నా బల్ల మీదికి
ఒక ఎడమ చేతి ఎముక వచ్చింది.
మధ్యలో పాత విరుగుడు,
చెరకు కణుపులా ఉబ్బి, వంకరగా అతుక్కుని.
పదహారు చోట్లా ఆ సమాధిలోవాడి అంకెలే.

సెనాహిద్ దొరికాడు.
అంటే,
నాలుగేళ్లలో మొదటిసారి
మెవ్లుదిన్ దొరకలేదు.

ఇన్నాళ్లూ ఆ గడ్డి కింద ఇద్దరికీ చోటుంది.
ఈ కాగితం మీద నేను సంతకం పెట్టగానే
ఒకడికి పేరొస్తుంది.
ఒకడు లేచి, మట్టి దులుపుకుని,
మళ్లీ అడవి దారి పట్టిపోతాడు.

ఫోను ఎత్తాను. పెట్టేశాను.
"దాచడానికి అది మనది కాదు" అంది మునీబా.
ఆ మాట నాకు తెలియదా.
ఎవరికైనా ఎముక దొరకడమే ఒక వరం ఇక్కడ,
అదీ తెలుసు.

రెండో రింగుకే ఎత్తింది.
నా గొంతు విని ఆగింది.
"చెయ్యి దొరికిందా?"
నేనింకా ఏమీ చెప్పనేలేదు.

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు.
కుళాయి కట్టేసిన చప్పుడు.

"రేపు శుక్రవారం," అంది.
"చిన్నవాడి వంతు."