ఎముక ఒప్పుకునేదాకా

ఆ సంచీ అంత గట్టిగా పట్టుకోకమ్మా సతెనిక్,
ఇక్కడ ఎవరూ దాన్ని లాక్కోరు.
లాగేది పన్నే, అదీ మత్తిచ్చాక.

పంటి బిగువున ఓర్చుకోవాలంటారు.
పన్నే లేనివాడు దేని బిగువున ఓర్చుకోవాలో
గ్యుమ్రీ మొత్తంలో నాకెవరూ చెప్పలేదు.
అందుకే నీకు నేను చెబుతున్నా,
డాక్టర్ శోగెర్ పిలిచేలోగా.

మొదటిది నాకు నిలవలేదు.
కింది దవడలో టైటానియం మర బిగించి
సిగరెట్లు మానెయ్యమంది.
మానేశానన్నాను.
మానింది ఆమె ముందు మాత్రమే.
ఏడో వారానికి మర వేలికి కదిలింది,
వాన నానిన నేలలో గుంజలా.
ఆమె తిట్టలేదు. ఎక్స్‌రేని వెలుగుకి పట్టి
"ఎముక నీతో మాట మానేసింది, హ్రాంత్" అంది.
తిట్టినా బాగుండేది.

మర బిగించడం గంట పని.
దాన్ని ఎముక తనదనుకోవడం
నెలల పని. ఆ నెలల్లో
నువ్వు చేయాల్సిందల్లా ఏమీ చేయకపోవడం.
పెరుగు, గంజి, మెత్తటి బంగాళాదుంప.
ఆ పక్క నమలకపోవడం.
అద్దం ముందు వేలుపెట్టి కదిపి చూడకపోవడం.

రెండోది పై దవడలో.
అక్కడ ఎముక కోడిగుడ్డు పెంకంత పలచన,
దాని పైన గాలి తిరిగే ఖాళీ గది.
ఆ గది నేలని కాస్త పైకెత్తి
ఎముక పొడి నింపి కుట్టింది.
కుట్టి, చేతొడుగులు విప్పుతూ అడిగింది,
"ఇంతకీ నువ్వేం పని చేస్తావు?"

దుదుక్ ఊదుతానన్నాను.
సగం విప్పిన చేతొడుగు అలాగే ఆగింది.

ఆమె ముందే అడగాలి. నేను ముందే చెప్పాలి.
నువ్వైతే అడిగేదాకా ఆగకు.

ముక్కు చీదొద్దు.
తుమ్మొస్తే నోరు తెరిచి తుమ్ము.
గొట్టం పెట్టి ఏదీ పీల్చొద్దు.
దుదుక్ పెట్టెలోనే ఉండాలి, నేను చెప్పేదాకా.
బూర ఊదొద్దన్నందుకేమో
మూడోరోజుకి చెంపే బూరైంది.
భయపడకు, మూడోరోజు అంతే.
నాలుగు దాటినా పెరుగుతుంటే, జ్వరమొస్తే,
పెదవి మొద్దుబారి తేరుకోకపోతే
అప్పుడు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రైనా.

ఐదో వారంలో గెఘామ్ పోయాడు.

ముప్ఫై ఒక్కేళ్ళు నా పాటకి శ్రుతి పట్టినవాడు.
ఊపిరి తెగకుండా ఒకే స్వరం.
నేనెటు తిరిగొచ్చినా
గడపలా అక్కడే ఉండేవాడు.

పెట్టె తీశాను.
ఆప్రికాట్ కర్ర చల్లగా తగిలింది.
రెల్లు పీకని తడిపాను కూడా.
కుట్లు ఊడిన చోటికి నాలుక
ఎవరూ పంపకుండానే వెళ్ళింది.
పెట్టె మూసేశాను.

పాట ఆరెగ్ ఊదాడు. పంతొమ్మిదేళ్ళు.
రెండుచోట్ల తప్పాడు.
శ్రుతి పట్టేవాడు పెట్టెలో పడుకుని ఉన్నాడు,
అందుకని నేను పెదవులు మూసి
గొంతులోనే ఆ ఒక్క స్వరం పట్టాను,
మెల్లగా, చెంప ఉబ్బకుండా.
సమాధుల దాకా అతని చోట నడిచాను.
కదలకుండా ఉండటం ఎంత బరువో
అన్నేళ్ళూ అతను చెప్పనేలేదు.

ఏంటవి, మాత్రలా? వారానికొకటా?
ఎముకల కోసమా?
శోగెర్‌కి చెప్పావా?
చెప్పమ్మా. ఎముకకి మేలు చేసే మందే
దవడ గాయాన్ని మాననివ్వదట ఒక్కోసారి.
నీ అంతట నువ్వు మానెయ్యకు,
రక్తం పలచన చేసే మాత్రైనా అంతే.
చీటీ తీసి చూపించు, ఆమె చూసుకుంటుంది.

ఖర్చు కూడా అడుగు, సిగ్గుపడకు.
పన్ను కట్టడమంటే రెండర్థాలు,
జేబుకి రెండూ ఒకటే.
మొత్తం ఎంత, ఎన్నిసార్లు రావాలి,
నాలాగా నిలవకపోతే ఎవరి మీద పడుతుంది.

ఇదిగో, చూడు, పైన, ఎడమ పక్క.
నవంబరులో తొడుగు వేసింది.
పుచ్చు పట్టదు దీనికి.
చిగురు మాత్రం పాత నాదే,
సరిగ్గా తోమకపోతే
అదే దీన్ని బయటికి గెంటుతుంది.
ఇప్పుడు ఊదుతున్నాను. పైస్వరం కొంచెం మారింది.
ఆరెగ్ శ్రుతి పడుతున్నాడు. తప్పట్లేదు.

నీ పేరే పిలిచారు. వెళ్ళు.
సంచీ నాకిచ్చి వెళ్ళు.

ఆగు,
మాత్రలు తీసుకెళ్ళు.