మార్కుల షీట్‌లో ఉన్నట్టుగా

రాయపురంలో, పెద్దాసుపత్రి వెనక గోడకు ఆనుకుని
మా జిరాక్సు కొట్టు.
ముందు గదంతా మెషీన్ వేడి,
వెనక గది లేదు.
మే నెలలో ఇక్కడికి
ఫైళ్లు గుండెకు అదుముకుని అమ్మాయిలొస్తారు.
వాళ్ల వెనకే, చెప్పులు బయట విడవాలో వద్దో తేలని నాన్నలు.

ఫారం నింపితే ముప్పై రూపాయలు.
నర్సు ఎందుకు కావాలనుకుంటున్నారు అన్న గడి ఉంటే
ఇంకో పది.
నూట నలభై మంది తరఫున ఆ గడిలో
చిన్నప్పటినుంచీ సేవంటే ఇష్టమని రాశాను,
ఇంగ్లీషులో, స్పెల్లింగ్ తప్పు లేకుండా.
ఎవరూ కాదనలేదు.

ఈ ఏడు, షట్టర్ సగం దించాక,
నూట నలభై ఒకటోది నాది.

మొదటి గడిలోనే ఆగిపోయాను.
ఇంట్లో నేను నెలటూరి కృపావతి.
బడిలో చేర్చిన రోజు ఇంటిపేరుకు చోటు లేదన్నారు,
నాన్న పేరులోంచి ఒక్కక్షరం ముందుకొచ్చి నిలబడింది.
తమిళంలో ప-కీ బ-కీ ఒకటే అక్షరం.
మార్కుల షీట్‌లో కిరుబావతినయ్యాను,
ఆధార్‌లో కృపావతిగా ఉండిపోయాను.
"ఇద్దరూ ఒకరేనని రాయించుకు రా" అంది
నర్సింగ్ స్కూల్ ఆఫీసులో కళ్లజోడు ఆవిడ.

పారిస్ కార్నర్‌లో గొడుగు కింద నోటరీ,
ఇరవై రూపాయల స్టాంపు కాగితం.
నేను టైపు చేసుకున్న వాక్యమే నాకు చదివి వినిపించాడు:
పైన చెప్పిన ఇద్దరూ ఒక్కరే.
సంతకం పెట్టమన్నాడు.
ఏ పేరుతో అని అడిగితే
అప్పుడు తలెత్తి చూశాడు.

ఆఖరి గడి.
సేవ అని రాయబోయి చెరిపేశాను.
మా తాత ఆరో నంబరు మంచం మీదున్నప్పుడు
ఒక ట్రైనీ పిల్ల, నా ఈడుదే,
నరం దొరక్క నాలుగుసార్లు గుచ్చింది.
తాత తెలుగులో తిట్టాడు, తాతలు తిట్టకూడనివి.
ఆ పిల్ల మెట్లమీద కూర్చుని ఏడ్చి
పంపు కింద ముఖం కడుక్కుని వచ్చి
తాత చెయ్యి ఒళ్లోకి తీసుకుని
రెండు వేళ్లతో చాలాసేపు వెతికి
ఐదోసారి గుచ్చింది.
నాకు ఆ ఐదోసారి నేర్చుకోవాలనుంది, అని రాశాను.
గ్రామర్ సరిచూడలేదు.

జూలై అంతా వెయిటింగ్ లిస్టు.
పదకొండు. తొమ్మిది. తొమ్మిది. తొమ్మిది.
ముఖం తెలియని ఎనిమిది మందికి
ఇంకా మంచి కాలేజీల్లో సీట్లివ్వమని
ఆదివారం చర్చిలో మోకాళ్లమీద అడిగాను.
దాన్ని ప్రార్థన అంటారో లేదో.

మెయిల్ వచ్చేసరికి
ఎవరిదో కులం సర్టిఫికెట్ మెషీన్లో ఉంది,
పచ్చ వెలుతురు ఆ చివర్నుంచి ఈ చివరికి జరుగుతోంది.
అది పూర్తయ్యాకే నాది ప్రింటు తీశాను,
రెండు రూపాయలు గల్లాలో వేశాను.
ముత్తువేలన్న తల తిప్పకుండా
"కలర్‌లో తీసుకో" అన్నాడు.

అమ్మ రాత్రి డ్యూటీకి తయారవుతోంది.
ఇరవై రెండేళ్లుగా అవే వార్డులు తుడుస్తోంది.
కాగితం లైటు కింద పట్టుకుంది, చదవడం రాకపోయినా.
ఫీజు ఎంతని అడగలేదు.
నీలం చీర కుచ్చిళ్లు దోపుకుంటూ,
"బేసిన్ నా చేతికియ్యి.
నేలమీద పెట్టి కాలితో తొయ్యకు,
మీ సిస్టర్లు తోస్తారు" అంది.

మీ సిస్టర్లు.
కాగితం మడవకముందే
నన్ను అటువైపు నిలబెట్టేసింది.

చేరేదాకా కొట్టు నాదే.
పొద్దున ఒక పిల్ల వచ్చి ఫైలు బల్లమీద పెట్టింది,
నాన్న గడప దగ్గరే ఆగాడు.
పేరు అడిగాను, చెప్పింది.
"అట్లా కాదమ్మా, మార్కుల షీట్‌లో ఉన్నట్టుగా."
రాసేశాక కలం మూత పెట్టబోయి
ఇంట్లో ఏమని పిలుస్తారో కూడా అడిగాను.
దానికి గడి లేదు.
డబ్బులూ లేవు.