రెండు వరుసలకు మించకుండా

పంచాయితీ ఆఫీసు గోడకి పటం అంటించి పొయినారు.
మైదాపిండి జిగురు ఇంకా ఆరలే,
ఎవురిదో మేక వచ్చి ఒక మూల నమిలేసింది.
ఆ మూలలో ఉండేది చెంగల్రాయుడి మామిడితోపు.
"పోనీలే, నాది మేక తినింది,
మీది పటమే తినేసింది" అన్నాడు.
నవ్వినాం.
నవ్వి, దగ్గరికి పొయి చూసినాం.

మాకు పచ్చ అంటే ఒకటే మాట.
వరి నాటు పచ్చ, పెండ్లి పందిరి పచ్చ,
కామెర్లొచ్చిన కండ్లూ పచ్చే.
ఏ పచ్చ అని ఎవురూ అడగలే ఇన్నాళ్లు.
పటం కింద గళ్లలో రాసుండాది:
ఆకుపచ్చ సేద్యానికి, పసుపుపచ్చ ఇండ్లకి.
ఏటి ఒడ్డు కయ్యలన్నిటికీ
కామెర్లు సోకినాయి.

వంక మీద అరవై అడుగుల రోడ్డు గీసినారు.
ఎండాకాలం వంక కనపడదు, నిజమే.
కార్తీకంలో రాండయ్యా,
దాని దోవ అదే చూపిస్తాది.

అభ్యంతరాలుంటే ముప్పై దినాల్లో చెప్పాలంట.
ఇరవై రెండు దినాలు
అంటించక ముందే అయిపొయినాయి.
ఫారంలో పేరు, తండ్రి పేరు, సర్వే నంబరు,
ఆ కింద
అభ్యంతరం: రెండు వరుసలకు మించకుండా.

పాలకేంద్రంలో కొవ్వు శాతం రాసే చెయ్యి గదా నాది,
అందరూ నా కాడికే వచ్చినారు.
గురప్పకి రెండు వరుసలు చాలలే.
ఏడు బోర్లు వేస్తే ఆరు బోర్లు దుమ్ము కక్కిన కత,
ఏడోది నీళ్లు పడేలోపే గీత అయిపొయింది.
దొరసానమ్మ ఒకటే అడిగింది,
"మా అత్త సమాధికి ఏం రంగేసినారో చూడు నాయనా."

నా ఫారం అట్లే మిగిలింది.
దాచేదెందుకు, ఆ రేయే మా బావమరిది ఫోన్ చేసి
అంకణం లెక్కన ధర చెప్పినాడు.
ఎకరాల్లో బతికినోడికి అంకణాల్లో చెప్తే
తల తిరగతాది.
తెల్లారేదాకా గుణించుకుంటానే ఉండా.
పొద్దున పాల లెక్క రెండు తూర్లు తప్పినా.

కడాన కుప్పమ్మ వచ్చింది.
చేసేది కౌలు, పట్టాదారు బెంగుళూరులో,
మాటే తప్ప కాగితం లే.
సర్వే నంబరు కాడ నా పెన్ను ఆగిపొయింది.
"నీ పేరున ఏముందక్కా రాసేదానికి?"
"మంగళారం రేయి తొమ్మిదికి నీళ్ల వంతు నాది.
అది రాయి."
రాసినా.

విచారణ తిరుపతిలో, మూడో అంతస్తులో.
ఆ దినం మంగళారమే.
చలిపుట్టే హాలు, చేతికి టోకెన్లు,
కుప్పమ్మది నూట పద్నాలుగు.
సంచిలో తెచ్చుకున్న అనపకాయలు
వొలుస్తా కూర్చునింది.
గింజలు ఒళ్లో, తొక్కలు సంచిలో,
నున్నటి ఆ నేల మీద ఒక్క తొక్క పడనీలే.
తెర మీద సారు కర్రతో చూపించినాడు,
మా ఊరు బెత్తెడు.
అభివృద్ధి అన్నాడు, పద్దెనిమిది తూర్లు.
లెక్కబెట్టడం నాకు అలవాటు.

అయిదయినా నలభై దాటలే.
ఇంక మనిషికి ఒక నిమిషం అన్నారు.
కుప్పమ్మ లేచి గింజలు కొంగున ముడేసుకునింది.
"ఆరుకి బస్సు తప్పితే మడి ఎండిపోతాది.
నన్ను పిలిస్తే నువ్వు చెప్పు."

పిలిచినారు. నేను లేచినా.
"కుప్పమ్మ మీరేనా?"
"కాద్సార్. నీళ్లు కట్టేదానికి పొయింది."
ఎవురో నవ్వినారు.
రిజిస్టరులో రాసుకున్నారు: హాజరు కాలేదు.

నూట పదిహేను నాది.
ఫారంలో రెండు గీతలూ ఖాళీగానే ఉండాయి.
"మీ అభ్యంతరం ఏంది?" గడియారం చూస్తా అడిగినాడు సారు.
నేనూ చూసినా. ఆరున్నర.
బస్సు ఈపాటికి చంద్రగిరి దాటింటాది.
కిటికీ పక్కన కుప్పమ్మ,
కొంగు ముడిలో గింజలు.

"ముందు రాసుకున్నది కొట్టేయండి సార్," అన్నా,
"నాదీ అదే."