మా దీవిలో తోడేళ్లు లేవు

ఓయిస్టిన్స్ చేపల బజార్లో
ఆరో బల్ల అయాంతీది, ఏడోది నాది.
ఎగిరే చేపకి ముల్లు తీయడం చూశారా?
రెక్క కోసి, పొట్ట విప్పి,
కత్తి మొన వెన్ను కింద దూర్చి ఒక్క లాగు,
ముల్లంతా దువ్వెనలా ఊడొస్తుంది.
నేను ఒకటి తీసేలోపు అయాంతీ మూడు తీసేది,
తీస్తూనే చర్చి వాళ్లందరి గుట్లూ విప్పేది.

మేలో ఆమె ఎడమచెయ్యి మాట వినడం మానేసింది.
ముందు వేళ్లు, ఎవరో కనపడని పిల్లకి
పియానో నేర్పుతున్నట్టు.
తర్వాత మణికట్టు, భుజం.
ఆపైన నాలుక కూడా పెదవి దాటి
తొంగిచూసి పారిపోయేది.
ఓ పొద్దున తోక పట్టుకున్న చేప ఎగిరి
మిసెస్ గ్రీనిడ్జ్ టోపీ మీద పడింది.
"చచ్చాక కూడా ఎగురుతోందే!" అన్నాడు ఐసు అమ్మేవాడు.
నవ్వాం. దేవుడా, ఎంత నవ్వాం.

రమ్ము అన్నారు కొందరు.
దెయ్యం అని వాళ్ల పిన్ని గడపకి ఉప్పు చల్లింది.
ముక్కుకి అటూ ఇటూ ముదిరిన నలుపుని
మూడేళ్లుగా ఎండ అనుకున్నాం.
మాకు ఎండకేం తక్కువ?

ఆస్పత్రిలో కుర్ర డాక్టరమ్మ రెండు మాటలు చెప్పింది.
మొదటిది కొరియా.
"అంత దూరం ఎందుకమ్మా, ఇక్కడ మందు లేదా?" అన్నాను.
దేశం కాదట. గ్రీకులో నాట్యమట.
రెండోది లూపస్. లాటిన్‌లో తోడేలు.
అయాంతీ చాలాసేపు కిటికీలోంచి చూసింది.
"మా దీవిలో తోడేళ్లు లేవు డాక్టర్.
కోతులున్నాయి, ముంగిసలున్నాయి.
ఇది ఈదుకుంటూ వచ్చిందా?"

రాలేదు. ఇంట్లోదే.
ఒంటికి కాపలా కాయాల్సిన రక్తమే
దారి మరిచి మెదడు గడప తొక్కింది.
కంచే చెరకుతోట మేసింది.
లూపస్ ఉన్నవాళ్లలోనూ నూటికి ఒకరిద్దరికేనట ఈ నాట్యం.
చర్చి లక్కీడిప్పులో ఏనాడూ
గుడ్డిగవ్వ తగలని మనిషికి!

రాత్రి నేనే తోడున్నాను.
ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు:
మనిషి నిద్రపోతే చెయ్యీ నిద్రపోతుంది.
పదకొండు దాటాక
దుప్పటి మీద అరచెయ్యి వెల్లకిలా,
గోటి సందులో ఒక పొలుసు ఇంకా మెరుస్తూ.
దాన్ని తిట్టాలని ఎన్నో రోజులుగా అనుకున్నాను.
కప్పాను.

డిసెంబరు. మళ్లీ చేపల కాలం.
స్టెరాయిడ్లకి ముఖం ఉబ్బి
"సీమపనసకాయలా ఉన్నాను కదూ" అంటుంది.
వెడల్పు టోపీ, పొడుగు చేతుల చొక్కా.
నీడ నా బల్ల మీద పడుతుందని
ఆరూ ఏడూ మార్చుకున్నాం.
ముల్లు తీస్తుంది, ఇప్పుడు నాకన్నా నిదానంగా.
గుట్లు మాత్రం పాత వేగమే.

అప్పుడప్పుడూ చిటికెనవేలు
అడక్కుండా ఒక్కసారి ఎగురుతుంది.
కత్తి పక్కన పెడుతుంది.
ఇద్దరం ఆ వేలునే చూస్తాం,
సంచులు పట్టుకుని వరసంతా ఎదురుచూస్తుంటుంది.
"కానీవమ్మా, జనం నిలబడ్డారు" అంటుంది,
వేలితో.