పడుగు

హనుమకొండ స్టేడియంల గ్యాలరీ కింద గది.
రేకు తలుపు, రెక్సిన్ చిరిగిన బల్ల,
గోడకు ఎవరో అంటించి పోయిన కండరాల పటం.
నవనీత వచ్చి బోర్ల పడుకుంటది,
పాదాలు బల్ల దాటి గాలిల ఉంటయి.

"అక్కా, బంతి మీదికి నేను లేస్తున్న గాని
చెయ్యి నాతోటి లేస్తలేదు."

నిజమే. కుడి రెక్క చెవి దాక వచ్చి ఆగుతది,
నర్సంపేట బస్సు ఫుట్‌బోర్డు మీద
సంచి పట్టుకొని నిలబడ్డ ముసలామె లెక్క.

మా దిక్కు చేతిని రెక్క అంటం.
ఆ మాట పుట్టించినోళ్ళు వాలీబాల్ చూసుండరు,
అయినా తెలిసినట్టే పెట్టిన్రు.

నేను నూనె వాడను.
నూనె పెడితే వేళ్ళు జారుతయి, జారితే ఏమీ వినపడదు.
పొడి చేతులే.
వీపు మీది పెద్ద కండ చంకల మలుగుతది చూడు, అక్కడ
నాలుగు వేళ్ళు ఆనిస్త.
నొక్కుడు కాదు, ఆనుడు.
నిండు బిందె ఇసుకల కుదురుకున్నట్టు.
తొంభై దాక లెక్క.
ఇరవై దగ్గర ఏమీ ఉండదు.
యాభై దగ్గర ఆమె పండ్లు కొరుకుతది.
డెబ్బై దాటినంక చర్మం కింద ఏదో,
అలిగిన పిల్ల మొఖం ఇటు తిప్పినట్టు,
కొంచెం తిరుగుతది.

దాని పేరు ఫేషియా అని కాలేజీల చెప్పిన్రు.
మటన్ కొట్టేటాయన కత్తి మొనతోటి లేపి పారేసే
ఆ తెల్లటి పల్చటి పొర.
కండకు కండకు నడుమ తొడిగిన బట్ట.
రెండు మార్కుల ప్రశ్న, రాసిన.
అర్థమైంది మాత్రం అంతకు పదేండ్ల ముందే
కొత్తవాడల, మా నాయన మగ్గం గుంత పక్కన.
జంపఖానా పడుగుల ఒక్క పోగు బిగిస్తే
ఆ మూల కాదు, ఈ మూల ముడుచుకుంటది.
ముడత ఉన్న కాడ వెతకకు బిడ్డా, అనేటోడు,
అది చెప్పేది వేరేదాని సంగతి.

విన్న. మర్చిపోయిన.
మూడు వారాలు వీపు మీదనే వెతికిన.
గోడకు టెన్నిస్ బంతి ఆనించి రుద్దుకొమ్మని పంపిన.
వచ్చిన మెత్తదనం మూడోనాటికి మాయం.

నాలుగో వారం వెల్లకిల పడుకోబెట్టిన.
కాలర్ బొక్క కింద, మూడో పక్కబొక్క మీద
వేలు పెట్టిన్నో లేదో ఊపిరి ఆపింది.
నొప్పా?
కాదు.
మరి?
చానాసేపు పంకా చప్పుడే.

"ఆరో తరగతిల తాడిచెట్టు అనేటోళ్ళు అక్కా.
ఫొటోల ఎప్పుడూ వెనక వరుస.
ఇంట్ల మా యాడి సుత,
దర్వాజ తగుల్తది వంగు, వంగు, అని."

మా ఇంట్ల పడుగు. వాళ్ళింట్ల పొడుగు.

ఎనిమిదేండ్ల వంగుడు
వేలెడు మందం కండను చుట్టుకొని పండుకున్నది.
జబ్బలు రెండు ముందటికి వచ్చి
ఎదను తలుపు లెక్క దగ్గరికేసినయి.

నేనేం అనలే. నేను చదివిన దాంట్ల దానికి జవాబు లేదు.
వేలు తియ్యలే, అంతే.
లెక్క తప్పింది. బయట నెట్టు కడుతున్నరు,
ఎవరో ఊరికెనే విజిల్ ఊదిన్రు.
వేలి కింద, ఎండకు బిగిసిన నులక
వానకు ఒక్క వరుస వదిలినట్టు,
గంతే, ఒక్క వరుస.

ఇంతటితోటి అయిపోదని చెప్పిన.
విప్పుడు నాది, విప్పిన జాగల బలం నింపుడు నీది.
రబ్బరు పట్టీ చేతుల పెట్టిన.
పదిహేను సార్లు, మూడు విడతలు, రోజూ.
మొఖం మాడ్చింది. అందరూ ఇక్కడనే మాడుస్తరు.

బూట్లు ఏసుకొని పోతుంటే
ఆ రేకు తలుపు మీది పట్టె
ఠంగుమని నెత్తికి తగిలింది.
మూడు వారాలు వంగి వచ్చి వంగి పోయిన పిల్ల
ఇయ్యాల వంగలే.
ఇద్దరం నవ్వినం.
నవ్వుకుంటనే, నెత్తి రుద్దుకోను
కుడి రెక్క చెవి దాటి పైకి పోయింది,
ఆమె చూసుకోలే.
నేను పటం దిక్కు తిరిగి చెప్పకుండ ఊకున్న.