నలభై ఏడో ఉతుకు

ప్లావెన్ ఊరికి లేసు అల్లడం తప్ప
మరో పని రాదనేవారు.
ఇప్పుడు అదే మిల్లులో, అదే కిటికీ పక్కన
నైలాను పోగుకి వెండి పట్టిస్తున్నాం.

పట్టించడమంటే పూయడం కాదు. పూసింది రాలిపోతుంది.
పోగును ముందు తగరపు నీళ్లలో తడిపి
వెండి కరిగిన తొట్టిలోకి దించితే
నిమిషం దాకా ఏమీ కాదు.
ఆ తరవాత, పాలు విరిగినట్టు, ఒక్కసారిగా
తెల్లని పోగు టీ రంగుకి తిరుగుతుంది,
బూడిదవుతుంది,
మెరుస్తుంది.
ఎన్నాళ్లుగా చూస్తున్నా తొట్టి దగ్గర మాటలాగిపోతాయి.

పడుగు పత్తి, పేక వెండి.
గుండె చప్పుడు వినే బనీన్లు ఇవి.

రొస్వితది పరీక్ష గది. అరవై మూడేళ్లు.
మిషను వదిలేసిన కుట్లు సూదితో పూరించడానికి
పదహారో ఏట ఇక్కడ చేరింది.
గోడ కూలింది, డబ్బు మారింది, మిల్లు మూడు చేతులు మారింది.
ఆమె సూదులు మాత్రం ఇంకా
దగ్గుబిళ్లల రేకు డబ్బాలోనే ఉన్నాయి.
"లేసంటే దారం కాదమ్మాయ్, ఖాళీ.
ఖాళీని ఎక్కడ ఉంచాలో తెలియడం" అంది నాతో
చేరిన కొత్తలో. నాకప్పుడు నిద్రొస్తోంది.

మీటరు ముళ్లు రెండూ బట్టకి ఆనించి అంకె చదువుతుంది.
అంతకు ముందే బొటనవేలితో చదివేసి ఉంటుంది.
"ఇక్కడ పేక జారింది" అంటే
జారే ఉంటుంది.

వెండికి చెమట పడదు.
వెల్లుల్లి తిన్నవాడి చెమట అసలే పడదు, నల్లబడుతుంది.
అందుకని ప్రతి బనీనునీ యాభైసార్లు
ఉతికి, ఆరేసి, తొడిగి, కొలిచి, రాయాలి.
రాసేది నేను.

నలభై ఏడో ఉతుకు. తొడుక్కునే వంతు రొస్వితది.
తెర మీద గీత బయల్దేరింది:
కొండ, లోయ, కొండ, లోయ, కొండ

తరవాత ఏమీ లేదు.
ఆపైన గబగబా రెండు కొండలు, ఆలస్యానికి తిట్లు తిన్నట్టు.

ఇంజనీరు టిల్మన్ సైకిలు హెల్మెటు తీయకుండానే వచ్చాడు.
"ఎడమ పట్టీలో పోగు తెగింది. బ్యాచి మొత్తం పోయినట్టే."
రొస్వితకి కోపం రావడం అదే చూశాను.
బనీను విప్పి, దీపం కిందికి లాక్కుని,
కుట్టు ఊడదీసి అంగుళం అంగుళం కొలిచింది.
అంకె కదల్లేదు.
పన్నెండు ఉతుకుల బనీను తొడుక్కుంది. అక్కడా అదే ఖాళీ.
నీళ్లే తగలని బనీను తొడుక్కుంది. అదే.
తీగ మార్చాం, పెట్టె మార్చాం.
"మొదటిది కుట్టేసి ఇస్తాను, నువ్వు తొడుక్కో" అంది టిల్మన్‌తో.
కుట్టడానికి పది నిమిషాలు పట్టింది. తొందరపడలేదు.

కొండ, లోయ, కొండ, లోయ.
కాపీ పుస్తకంలో పిల్లాడు దిద్దినట్టు
పేజీ చివరిదాకా.

ఉతుకు మిషను ఒక్కటే తిరుగుతోంది.
టిల్మన్ ఇప్పుడు హెల్మెటు తీశాడు.
"రొస్వితా, డాక్టరు..." అన్నాడు.
ఆమె స్వెట్టరు గుండీలు పెట్టుకుంటోంది, కింది నుంచి పైకి.
"ముందు రాయించు" అంది. "బట్ట పాసయింది."

రాశాను: ఉతుకు నలభై ఏడు. నిరోధంలో మార్పు లేదు.
బట్టలో లోపం లేదు.
"బట్టలో" అన్న మాట దగ్గర
కలం కాసేపు ఆగింది.

ఆమె ట్రామెక్కి వెళ్లింది. కారులో దింపుతానంటే వద్దంది.
రేకు డబ్బా మూత తెరిచే ఉంది.
సూదికి దారం ఎక్కించే ఉంది.

మర్నాడు నలభై ఎనిమిది, నా వంతు.
నా గీత తిన్నగా నడిచింది.
హమ్మయ్య అనుకున్నాను,
అనుకున్నందుకు సిగ్గేసింది.